ఎనిమిదో గుండు దిగని రైఫిల్: ఒక మజిల్‌లోడర్ కేస్ స్టడీ

బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) కాలితే మడ్డి మిగలక తప్పదు. మందు బరువులో సగానికి పైగా, సుమారు 55 శాతం, వాయువుగా మారకుండా ఘనంగానే మిగిలిపోతుంది. పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు, కొంచెం కాలని బొగ్గు అందులో ఉంటాయి. చాలా భాగం తెల్లపొగ రూపంలో మూతి దాటి పోతుంది. పోనిది గొట్టం లోపల అంటుకుంటుంది. కాబట్టి మడ్డి లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. అది ఎక్కడ కూర్చోవాలి, ఎంత మెత్తగా ఉండాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నవి మాత్రం మన చేతిలో ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకేసారి పాడుచేసుకున్న రైఫిల్ ఇది. పైగా పాడైన ప్రతిసారీ మంచి ఉద్దేశంతో చేసిన సవరణే అందుకు కారణం. అందుకే రాసి పెట్టాల్సి వచ్చింది.

నేపథ్యం

.50 క్యాలిబర్ పెర్కషన్ రైఫిల్, అంటే మందూ గుండూ మూతిలోంచి కూరి, నిపుల్ అనే చిన్న గొట్టం మీద పెట్టిన క్యాప్‌ను రైఫిల్ సుత్తి కొడితే నిప్పు పుట్టే మజిల్‌లోడర్. పాత నమూనా, కొత్త తయారీ. 28 అంగుళాల బ్యారెల్, 48 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ (గుండును తిప్పే మెలిక గాడులు), 11 నంబరు క్యాప్. గట్ల (గాడుల మధ్య ఎత్తుగా ఉండే భాగాల) మీద కొలత .500 అంగుళం, గాడి లోతు 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). వాడే గుండు గుడ్డలో చుట్టి కూరే గుండ్రటి సీసపు గుండు, వ్యాసం .490. మందు 2ఎఫ్ రేణువు (ఎఫ్‌ల సంఖ్య పెరిగేకొద్దీ రేణువు సన్నం), కొలపాత్రతో 80 గ్రెయిన్లు, అంటే సుమారు 5.2 గ్రాములు.

యజమాని ఆధునిక రైఫిళ్లతో చాలాకాలం పోటీల్లో పాల్గొన్నవారు. మజిల్‌లోడర్ చేతపట్టి ఒక సీజనే అయింది. అంతర్జాతీయ మజిల్‌లోడింగ్ పోటీల పద్ధతిలో 30 నిమిషాల్లో 13 గుండ్లు పేల్చాలి, అందులో మేలైన 10 లెక్కకు వస్తాయి. అంటే ఒక్కో గుండుకు రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. కూరడం, గురి చూడటం, తుడవడం అన్నీ అందులోనే. ఈ లెక్క మొదట చెప్పడానికి కారణం ఉంది. తీరిగ్గా పనిచేసే పరిష్కారాలు చాలా ఉన్నాయి, ఈ గడువులో ఇమిడేవి కొన్నే.

సమస్య

ఆయన మాటల్లోనే: "నాలుగో గుండు దాకా వెన్నలా దిగుతుందండీ. అక్కణ్నుంచి మేకు దిగ్గొట్టినట్టే. ఎనిమిదోది అసలు అడుగుకి చేరదు."

ఇది సగమే. మిగతా సగం అడిగితే గానీ బయటికి రాలేదు. బిగుసుకుంటోందని తోటివాళ్లు చెబితే ప్రతి గుండుకూ తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. అప్పటినుంచి క్యాప్ పేలుతుంది, మందు అంటుకోదు. తుడవకపోతే గుండు దిగదు, తుడిస్తే నిప్పు పుట్టదు. ఈ రెంటినీ ఆయన రెండు వేర్వేరు సమస్యలుగా చూస్తున్నారు.

రికార్డులో రాసుకున్న ఇంకో విషయం, ఎనిమిదో గుండు దిగనప్పుడు గుండును నెట్టే కడ్డీని చెక్కసుత్తితో కొట్టి దింపడం ఆయనకు అలవాటైంది.

ముందు ఆపవలసినది

మడ్డి సంగతి తర్వాత. సుత్తి అలవాటు అదే రోజు ఆగాలి. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేల్చితే గుండు గొట్టంలో అడ్డుకట్టలా నిలుస్తుంది. ఆ చోట ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి బ్యారెల్ ఉంగరంలా ఉబ్బుతుంది, పగలనూవచ్చు. సుత్తి దెబ్బలతో గుండు అడుగుకి చేరిందో మధ్యలోనే బిగిసిందో చేతికి తెలియదు.

కడ్డీ మీద రెండు గీతలు గీయించాం. ఖాళీ బ్యారెల్‌లో అడుగు తాకినప్పుడు మూతి దగ్గర ఒకటి, మందూ గుండూ సరిగ్గా కూర్చున్నప్పుడు ఇంకొకటి. రెండో గీత మూతికి చేరకపోతే పేల్చకూడదు, అంతే. అలా ఇరుక్కుంటే నిపుల్ ఊడదీసి ఆ రంధ్రంలోంచి నీళ్లు ఎక్కించి ముందు మందును చంపాలి. ఆ తర్వాతే కడ్డీ కొనకు బిగించే మరతో గుండును లాగాలి. చేయిగానీ ముఖంగానీ మూతి ఎదుటికి ఎప్పుడూ రాకూడదు.

ఆయన అంతకుముందు చేసినవి

మన దగ్గరకు వచ్చేలోపు నాలుగు ప్రయత్నాలు జరిగాయి. ఒక్కోదాని వెనక ఒక తర్కం ఉంది. ఆ తర్కం ఎక్కడ తప్పిందో చూస్తే సగం రోగనిర్ధారణ అయిపోతుంది.

మొదటిది, గుడ్డ పలచన చేయడం. 15 థౌ గుడ్డ బిగుసుకుంటోందని 10 థౌ గుడ్డకు మారారు. ఒక్కరోజు సుఖంగా దిగింది. మర్నాటి నుంచి ఐదో గుండుకే మొరాయించింది, కాగితం మీద గుండ్ల గుంపు కూడా చెదిరింది.

రెండోది, గ్రీజు పెంచడం. గుడ్డకు పూసేది మామూలు యంత్రాల గ్రీజు, అంటే పెట్రోలియం సరుకు. జారకపోతే ఇంకొంచెం పూయడం ఎవరికైనా తోచే పనే. అయితే బ్లాక్ పౌడర్ మంటలో బరువైన పెట్రోలియం గ్రీజు పూర్తిగా కాలదు. మసితో కలిసి తారులా మారి గోడకు అంటుకుంటుంది. ఆ తారు నీళ్లకు కరగదు. అంటే మడ్డిని నీటితో కడుక్కోగల సౌకర్యాన్నే అది తీసేస్తుంది. అదీకాక అదనపు గ్రీజు మందులోకి దిగి అడుగు రేణువులను తడిపేస్తుంది.

మూడోది కంచు బ్రష్. గుండుకీ గుండుకీ మధ్య బ్రష్ దింపితే పెచ్చు గీరుకుని వస్తుందనుకున్నారు. గీరుకుంది నిజమే, కానీ పైకి రాకుండా అడుగుకి రాలింది. ఒకసారి బ్రష్ అడుగున ఇరుక్కుపోయింది కూడా. ముళ్లు వెనక్కి మడవాలంటే చోటు కావాలి, చివరంటా నెట్టిన బ్రష్‌కి ఆ చోటు దొరకదు.

నాలుగోది తడిగుడ్డ. ఆలోచన సరైనదే, చేసిన తీరు మాత్రం కాదు. దాని గురించి తర్వాత.

మేం చూసినవి

మూడు పరీక్షలు చేశాం. ఏదీ ఖరీదైనది కాదు.

తాకిడి పటం. వరసగా ఆరు గుండ్లు పేల్చాక పొడి గుడ్డతో జ్యాగ్ (కడ్డీ కొనకు బిగించే తుడుపు మొన) నెమ్మదిగా దింపి, ఎక్కడ ఒరిపిడి మొదలైందో అక్కడల్లా కడ్డీ మీద టేపు అతికించడం. గొట్టం పొడవునా ఒకే తీరు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఇక్కడ పై భాగమంతా తేలిగ్గా ఉంది. అడుగు నుంచి ఒక జానెడు మేర మాత్రం గరుకు, అందులోనూ చివరి రెండు మూడు అంగుళాలు రాయిలా ఉన్నాయి. మంట వేడి ఎక్కువగా తగిలేదీ, తుడుపు తక్కువగా తగిలేదీ అక్కడే. ఆరోజు గాలి బాగా పొడిగా ఉంది. పొడిగాలిలో మడ్డి కాలిన గారలా గట్టిపడుతుంది. తేమగాలిలో కార్బొనేటు నీటిని పీల్చుకుని మెత్తగా జిగటగా ఉంటుంది, కూరడానికి తేలిక, తుప్పుకీ తేలికే. ఒకే రైఫిల్ ఒకరోజు బాగుండి ఇంకోరోజు పేచీ పెట్టడానికి ఇది చాలాసార్లు కారణమవుతుంది. జనం మాత్రం మందు డబ్బాను తిడతారు.

కాలిన గుడ్డలు. పేలిన తర్వాత గుడ్డ మూతికి కొన్ని అడుగుల ముందు పడుతుంది. వాటిని ఏరి చదవడం వస్తే గొట్టంలో ఏం జరిగిందో చాలావరకు తెలుస్తుంది. బాగున్న గుడ్డ మధ్యలో పొగచూరి, అంచులు కొద్దిగా పీచులేచి, ఇంకోసారి వాడొచ్చేమో అనిపించేట్టు ఉంటుంది. ఇక్కడ దొరికినవి జల్లెడలు. గుండు చుట్టుకొలత దగ్గర గాడులకు ఎదురుగా ఉన్న చోటల్లా కాలి తూట్లు పడ్డాయి. కొన్నింటిలో గట్ల అంచులు కోసిన సన్నటి చీలికలు కూడా ఉన్నాయి.

ఈ తూట్లకు లెక్క దొరుకుతుంది. .500 గొట్టంలో .490 గుండు కూర్చుంటే గట్టు దగ్గర ఒక్కో పక్క 5 థౌ ఖాళీ. గాడి మరో 10 థౌ లోతు కాబట్టి అక్కడ 15 థౌ ఖాళీ. గుడ్డ 15 థౌ అని ఉంది కదా, సరిపోయింది అనుకోవచ్చు. కానీ ఆ 15 వదులుగా కొలిచింది. మైక్రోమీటర్ దవడలు గట్టిగా బిగించి కొలిస్తే అదే గుడ్డ 12 థౌ తేలింది. అంటే ప్రతి గాడిలోనూ 3 థౌ సందు, అందులోంచి మండే వాయువు ముందుకు దూసుకొస్తుంది. గుడ్డను కాలుస్తుంది, గుడ్డలోని కొవ్వును కాలుస్తుంది, ముందు గుండు వదిలిన మడ్డిని గోడకు కాల్చి అతికిస్తుంది. 10 థౌ గుడ్డకు మారినప్పుడు ఈ సందు ఇంకా పెరిగింది. మొదటిరోజు సుఖం ఆ వదులువల్లే, మర్నాటి కష్టమూ ఆ వదులువల్లే.

మూడోది లోతు పరీక్ష. అసలు కీలకం ఇదే. దీన్ని మొదటే చేయాల్సింది, గుడ్డల మీద పెట్టిన శ్రద్ధలో వెనకబడింది. జ్యాగ్ బిగించిన కడ్డీ ఎంత లోతు దిగుతుందో గీత పెట్టి, తర్వాత పెన్సిల్ కన్నా కాస్త లావున్న పుల్ల దించి చూశాం. పుల్ల ఒక అంగుళం ఎక్కువ దిగింది.

అంటే ఈ బ్యారెల్ అడుగు చదునుగా లేదు. గొట్టం చివర సన్నబడి, మందు కొంత భాగం కూర్చునే చిన్న గదిలా మారుతుంది. ఆ గది నుంచి నిప్పుదారి నిపుల్‌కి తిరుగుతుంది. దీన్ని పేటెంట్ బ్రీచ్ అంటారు. 1787లో హెన్రీ నాక్ పేటెంట్ పొందిన ఆలోచన నుంచి వచ్చిన కుటుంబం ఇది. మందు త్వరగా అంటుకోవడానికి పుట్టింది, శుభ్రం చేసేవాడి ఓపికను పరీక్షిస్తుంది. .50 జ్యాగ్ ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. సీజన్ పొడవునా తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వస్తోందని ఆయన సంతోషపడ్డారు, గుమ్మం లోపలికి గుడ్డ ఒక్కసారీ వెళ్లలేదు. నిపుల్ ఊడదీసి మూతిలోంచి నీళ్లు పోస్తే ధారగా రావాల్సినవి చుక్కలుగా వచ్చాయి.

ఇక్కడితో రెండు ఫిర్యాదులూ ఒకటైపోయాయి. బిగుతైన జ్యాగ్‌కు తడిగుడ్డ చుట్టి దింపితే అది పంపు పిస్టన్‌లా పనిచేస్తుంది. గోడల మీది మడ్డి నీళ్లతో కలిసి బురదై, జ్యాగ్ ముందు పోగై, నేరుగా ఆ గదిలోకీ నిప్పుదారిలోకీ దిగుతుంది. గొట్టం శుభ్రం, నిప్పుదారి మూత. తుడవడం ఎంత శ్రద్ధగా చేస్తే క్యాప్ అంత వృథా.

ఇతర మందులకు మారడం గురించి

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే. పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయం వద్దన్నాం. అది బ్లాక్ పౌడర్ కన్నా ఎక్కువ వేడికి గానీ అంటుకోదు. 11 నంబరు క్యాప్, వంకరదారి, సన్నటి గది ఉన్న రైఫిల్‌కి అది కోరి తెచ్చుకునే కష్టం. అందులోని పెర్‌క్లోరేటు కాలి క్లోరైడు మిగులుతుంది, ఉక్కుకి దానంత పగ ఇంకొకటి లేదు. ట్రిపుల్ సెవెన్ తక్కువ మురికి చేస్తుంది గానీ గుండు కూర్చునే చోట గట్టి వలయం కడుతుందని పేరుంది. ఈ కేసులో గట్టిపడిన చోటూ సరిగ్గా అదే. బ్లాక్‌హార్న్ 209కి షాట్‌గన్ ప్రైమర్ కావాలి, ఈ రైఫిల్ తాళానికి (పేల్చే యంత్రాంగానికి) కుదరదు. పైగా మందు మారిస్తే మిగతా లోపాలు అలాగే ఉండి ఫలితం మాత్రం మారిపోతుంది. అప్పుడు దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తేలదు.

మార్పులు, ఒక్కొక్కటిగా

పాత తారు తీయడం. ఇది నీళ్లతో పోదని ముందే చెప్పాను. పెట్రోలియం ద్రావకం, .50 కంచు బ్రష్‌తో గొట్టం తోమాం. గదికి .32 పిస్తోలు బ్రష్ మీద గుడ్డ చుట్టి, గుమ్మం దాటించి తిప్పి లాగాం. మొదటి గుడ్డలు తేనెరంగులో, ఆ తర్వాతవి నల్లగా వచ్చాయి. తారు కింద పాత మడ్డి పొర ఉంది. అది నీళ్లు తగలగానే కరిగి కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. ఆ కంపు సల్ఫైడుది. చాలా కాలంగా మూతపడి ఉన్న మడ్డికి అదే గుర్తు. నీటిధార నిపుల్ రంధ్రంలోంచి నిండుగా వచ్చేదాకా ఆపలేదు. తర్వాత గట్ల పదును చావడానికి జ్యాగ్‌కు అతి సన్నటి, నాలుగు సున్నాల ఉక్కు ఊలు చుట్టి యాభై సార్లు గీశాం. మూతి అంచును సన్నటి ఎమెరీ కాగితంతో బొటనవేలు కింద తిప్పుతూ నున్నగా చేశాం. ఆ అంచు నున్నబడితే మందమైన గుడ్డ చిరగకుండా లోపలికి మలుగుతుంది. తర్వాతి మార్పుకు అది అవసరం.

గుడ్డ మందం పెంచడం. దిగడం లేదని వచ్చిన మనిషికి ఇంకా లావు గుడ్డ వాడమంటే వింతగానే ఉంటుంది. కానీ 15 థౌ ఖాళీని మూయాలంటే బిగించి కొలిచినప్పుడు కనీసం 15 ఉండాలి. దట్టమైన నేత ఉన్న నూలు పరుపుగుడ్డ తీసుకున్నాం. గంజి పోయేలా ఉతికి ఆరబెట్టాక వదులుగా 20 థౌ, బిగిస్తే 16. గట్ల దగ్గర అది 5 థౌ సందులో ఇమడదు కదా అన్న సందేహం సహజం. అక్కడ సీసమే తగ్గుతుంది, నేత అచ్చు గుండు మీద పడుతుంది. కొట్టి దింపేది మొదటి అంగుళమే, అది పొట్టి స్టార్టర్ (గుండును మూతిలోకి తోసే చిన్న కడ్డీ) పని. ఆ తర్వాత కడ్డీ నునుపుగా వెళ్తుంది. నూలు తప్ప ఇంకేదీ వద్దు, సింథటిక్ దారం కరిగి గోడకు అంటుతుంది.

ఏరిన గుడ్డలు మొదటి వరసలోనే మారాయి. తూట్లు లేవు. ఐదో గుండుకు బిగువు ఉంది, కానీ మొదటి గుండు బిగువుకి దగ్గరగానే ఉంది. వాయువు ముందుకు రాకపోతే పాత మడ్డి కాలి గట్టిపడదు. మెత్తగా ఉన్న మడ్డిని తర్వాతి గుండు గుడ్డే తుడుచుకుంటూ దిగుతుంది.

కొవ్వు మార్చడం. గ్రీజు పూర్తిగా మానిపించాం. లేత్ పనివాళ్లు వాడే, నీటిలో కలిసే కటింగ్ ఆయిల్ ఒక వంతు, నీళ్లు ఏడు వంతులు. పాలలా తెల్లబడిన ఆ ద్రవంలో గుడ్డపట్టీలు నానబెట్టి, పిండకుండా చదునుగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. నీరు ఆవిరైపోయి నూనె గుడ్డంతటా సమంగా మిగులుతుంది. వేలాడదీస్తే కింది అంచుకు నూనె దిగుతుంది, రెండు పట్టీలు ఒకేలా ఉండవు. ఐదు వంతుల నీటితో కూడా చేసి చూశాం. దిగడంలో తేడా తెలియలేదు, గుండ్లు నిలువునా చెదిరాయి. ఏడుకే స్థిరపడ్డాం.

అదీ ఖనిజనూనే కదా, గ్రీజు ఎందుకు చెడ్డదైంది అని అడిగేవారు ఉంటారు. పెట్రోలియం పనికిరాదు అన్న మాట అంత ఖచ్చితమైనది కాదు. బరువైన గ్రీజు, ఎక్కువ మోతాదు, నీటిలో విడిపోని గుణం, ఈ మూడూ కలిస్తేనే తారు. ఇక్కడ నూనె పలచన, చాలా తక్కువ, అందులోని ఎమల్సిఫయర్ వల్ల తడిగుడ్డకు వదిలిపోతుంది. తేనెమైనం, జంతు కొవ్వు మిశ్రమాలు కూడా బాగానే పనిచేస్తాయి. మినీ గుండు (చుట్టూ గాడులుండే పొడవాటి గుండు) వాడే రైఫిల్‌కైతే అవే మేలు, గుండు గాడుల్లో నింపి పెట్టొచ్చు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తూటాకు కొవ్వు పూసింది కూడా ఇందుకే, మడ్డి మెత్తగా ఉండి తర్వాతి గుండు దిగడానికి. ఆ కొవ్వు 1857లో ఎంత దూరం తీసుకెళ్లిందో మనకు తెలిసిందే.

మందు తగ్గించడం. 50 మీటర్ల కాగితానికి 80 గ్రెయిన్లు అక్కర్లేదు. ముందు 2ఎఫ్‌లోనే 65కి దించి చూశాం, తర్వాత 3ఎఫ్ 55కి. సన్నరేణువు త్వరగా, నిండుగా కాలుతుంది, ఒత్తిడి కూడా పెరుగుతుంది. కాబట్టి 2ఎఫ్ కొలతనే 3ఎఫ్‌కి వాడకూడదు, తయారీదారు ఇచ్చిన గరిష్ఠాన్ని దాటకూడదు. 80 గ్రెయిన్లంటే 5.2 గ్రాములు, అందులో దాదాపు 2.9 గ్రాములు ఘనం. 55 అంటే 3.6 గ్రాములు, ఘనం 2. పదమూడు గుండ్లకు 37 గ్రాముల నుంచి 26కి దిగింది. లోపల మిగిలేది ఇందులో కొద్ది భాగమే అయినా తేడా కడ్డీకి తెలుస్తుంది.

తుడవడం. ఎక్కువ సమయం తీసుకున్నది దీని మీదే.

జ్యాగ్‌ను లేత్ మీద 12 థౌ సన్నం చేశాం. సన్నబడ్డాక గుడ్డ దిగేటప్పుడు మడ్డి మీదుగా జారిపోతుంది. వెనక్కి లాగేటప్పుడు జ్యాగ్ గాట్లలో ముడతపడి లావెక్కి, మడ్డిని తనతో పైకి తెస్తుంది. నెట్టే పని లాగే పనిగా మారింది. గుడ్డ తడి ఎంత అన్నదానికి కొలత, వేళ్లతో ఒత్తితే వేలు చెమ్మగిల్లాలి, చుక్క రాలకూడదు. ఒకసారి దింపి, అడుగున ఒక్క క్షణం ఆగి, ఒకే లాగుతో పైకి. గుడ్డ తిరగేసి మళ్లీ ఒకసారి. తర్వాత పొడి గుడ్డ ఒకటి. పైకీ కిందకీ తోమడం లేదు. మొత్తం సుమారు అరనిమిషం, గడువులో ఇమిడింది.

తుడిచేటప్పుడు రైఫిల్ సుత్తిని పేలిన క్యాప్ మీదే దించి ఉంచాలి. నిపుల్ మూసి ఉంటే లోపలి గాలి మెత్తలా అడ్డుకుంటుంది, బురద నిప్పుదారిలోకి వెళ్లదు. కొత్త గాలి ఆడదు కాబట్టి నిప్పురవ్వ ఉంటే చల్లారడానికీ మంచిదే. తుడవడం అయ్యాక సగం ఎత్తి, పాత క్యాప్ తీసేయాలి. గుండు దింపేటప్పుడు గాలి పోవడానికి దారి కావాలి. తుడుపు ఎప్పుడూ మందు పోయకముందే. మందు నిల్వ ఉండే కొమ్ములోంచి నేరుగా కాకుండా విడి సీసాలో కొలిచి పెట్టుకున్న ఒక్క మోతాదే పోయాలి.

ప్రతి గుండుకా, మూడింటికి ఒకసారా? రెండూ ప్రయత్నించాం. మూడింటికి ఒకసారి తుడిచినప్పుడు కూరడంలో ఇబ్బంది లేదు, కానీ తుడిచిన వెంటనే పేల్చిన గుండు మిగతావాటికన్నా వేరేచోట తగిలింది. గొట్టం ప్రతిసారీ ఒకే స్థితిలో ఉండటం గురికి ముఖ్యం. ప్రతి గుండుకూ అని నిర్ణయించాం. వేటకు వాడే రైఫిల్‌కైతే నిర్ణయం వేరుగా ఉండొచ్చు.

పనిచేయనిది ఒకటి

తుడుపు గుడ్డకు నీటి బదులు పూర్తిగా ఆల్కహాల్ వాడి చూశాం, త్వరగా ఆరుతుందని. ఆరింది, కానీ ఉప్పులను నీరు కరిగించినంతగా అది కరిగించదు. ఎనిమిదో గుండుకు అడుగున మళ్లీ గరుకు మొదలైంది. నీళ్లకే తిరిగొచ్చి, ఆల్కహాల్‌ని కడిగిన తర్వాత తడి లాగడానికి పరిమితం చేశాం.

ముందూ వెనకా

దాచేముందు పూసిన నూనె పేల్చేముందు తీయకపోతే మొదటి రెండు గుండ్లకే తారు మొదలవుతుంది. కాబట్టి రేంజ్‌లో మొదటి పని ఆల్కహాల్ గుడ్డలు రెండు, పొడి గుడ్డ ఒకటి, గదికి చిన్న బ్రష్ మీద ఒకటి. తర్వాత ఖాళీ బ్యారెల్ మూతి ఒక గడ్డిపోచ దగ్గర ఉంచి క్యాప్ ఒకటి కొట్టాలి. పోచ కదిలితే దారి తెరిచి ఉన్నట్టు. ఈ చిన్న పరీక్ష ఉంటే ఆయనకు సీజన్ మొత్తం కలిసొచ్చేది.

ఇంటికెళ్లాక బ్యారెల్ ఊడదీసి, నిపుల్ తీసి, అడుగు భాగం గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో ఉంచి పంపులా పైకీ కిందకీ లాగాలి. ఇక్కడ మాత్రం బిగుతు జ్యాగ్ మంచిదే, దారి తెరిచి ఉంది కాబట్టి మురికి బయటికే పోతుంది. మరిగే నీళ్లు పోయాలన్న సలహా తరచుగా వినిపిస్తుంది. మడ్డిలోని ఉప్పులకు అంత వేడి అక్కర్లేదు. కాలిన ఉక్కు మీద నీరు ఎగిరిపోతూనే ఎర్రటి తుప్పుపొర వస్తుంది, అదొక కొత్త పని. పొడి గుడ్డలు, ఆల్కహాల్ గుడ్డ, పలచగా నూనె. మర్నాడు ఒక గుడ్డ దించి చూడాలి. గోధుమరంగు వస్తే ఎక్కడో తడి మిగిలింది, ఈ రైఫిల్‌లో ఆ చోటు ఎప్పుడూ గదే.

ఫలితం, మిగిలినవి

అన్ని మార్పులూ అయ్యాక మొదటి పూర్తి వరసలో 13 గుండ్లూ చేత్తోనే దిగాయి, కడ్డీ గీత ప్రతిసారీ మూతికి చేరింది. ఆ తర్వాత గమనించిన మూడు దఫాల్లో క్యాప్ పేలి మందు అంటుకోనిది ఒక్కటీ లేదు. మందు 55కి దించినప్పుడు గుండు కాస్త కింద తగిలింది, గురికట్టు సరిచేయాల్సి వచ్చింది.

బాగా పొడిగా ఉన్న రోజుల్లో పదో గుండు తర్వాత చివరి మూడు అంగుళాల్లో బిగువు ఇంకా తెలుస్తుంది. గుడ్డ తడి ఒక పిసరు పెంచితే తగ్గుతోంది, ఎక్కువ పెంచితే నిప్పు సమస్య తిరిగొచ్చే ప్రమాదం ఉంది. తడి, పొడి గుడ్డల సంఖ్య రోజును బట్టి మార్చుకోవడం ఆయన చేతికి వదిలేశాం. గట్ల మీద మర పనిముట్టు గీతలు ఇంకా కొన్ని ఉన్నాయి. మరో రెండు మూడు వందల గుండ్లకు గుడ్డే వాటిని నున్నగా చేస్తుంది కాబట్టి ల్యాపింగ్ (రాపిడి పొడితో గొట్టం లోపల అరగదీయడం) జోలికి పోలేదు. ఉక్కు తీసేశాక మళ్లీ పెట్టలేం.

ఈ కేసు తర్వాత పరీక్షల వరస మార్చుకున్నాం. మడ్డి ఫిర్యాదుతో ఏ మజిల్‌లోడర్ వచ్చినా గుడ్డలు ఏరకముందే, మందు అడగకముందే, ఖాళీగా ఉందని కడ్డీతో తేల్చుకుని జ్యాగ్ లోతు, సన్నపుల్ల లోతు రెండూ కొలుస్తున్నాం. తేడా ఉంటే నిపుల్ ఊడదీసి నీళ్లు పోయడం రెండో పని.